రాష్ట్రపతి యెన్నిక: శీలమును తూచు విధము

హోసూరులోగాని కృష్ణగిరిలోగాని తెలుగుబడికి బిడ్డలను పంపుచున్న తల్లిదండ్రులకు రాష్ట్రపతితో పనియేమి యని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆయన ఢిల్లీలో నుండును. ఆయన యెన్నికలో మనకు నేరుగా వోటు లేదు. పంచాయతీ అధ్యక్షుడు వీధిదీపము వేయించును. శాసనసభ్యుడు రోడ్డు వేయించును. రాష్ట్రపతి వలన మన గుమ్మము దాక వచ్చునది యేమి? ఈ ప్రశ్న సహేతుకమే. దీనికి ముందుగా సమాధానము చెప్పి, ఆ మీదట ఆ పదవికి నిలుచువారి సత్యసంధతను, నడవడిని ఎన్నుకొనువారు ఎట్లు తూచిరో, ఎట్లు తూచవలెనో విచారించుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

1. మన బడికిని రాష్ట్రపతికిని గల సంబంధము

1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినప్పుడు భాషను ఆధారముగా గొని సరిహద్దులు గీయబడెను. గీత నెట్లు గీసినను కొందరు దానికి అవతల మిగిలిపోవుట తప్పదు. మన ప్రాంతమున తెలుగు, కన్నడము, తమిళము, ఉర్దూ ఒకే సంతలో వినబడుచుండును; ఏ గీతయు వానిని విడదీయజాలదు. ఇట్లు మిగిలినవారి రక్షణకై ఆ సంవత్సరముననే ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగములో రెండు అధికరణములు చేర్చబడినవి. 350-ఎ అధికరణము ప్రకారము అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో విద్య నొసగు సౌకర్యములను కల్పించుటకు ప్రతి రాష్ట్రమును పాటుపడవలెను. అందుకు అవసరమైన ఆదేశములను రాష్ట్రపతి యియ్యవచ్చును. 350-బి అధికరణము ప్రకారము భాషాల్పసంఖ్యాకుల కొరకు ఒక ప్రత్యేకాధికారిని రాష్ట్రపతి నియమింపవలెను. ఆ అధికారి తన నివేదికను రాష్ట్రపతికే సమర్పించును. దానిని పార్లమెంటు ముందుంచుట రాష్ట్రపతి విధి. రాజ్యాంగములో మొదటినుండియు నున్న 347వ అధికరణమున సయితము ఒక రాష్ట్రములోని జనులలో తగినంత భాగము మాటలాడు భాషకు గుర్తింపు నిమ్మని ఆదేశించు అధికారము రాష్ట్రపతికే యీయబడినది.

కావున మన బిడ్డ పలకమీద అ ఆ లు దిద్దుటకును, ఆ దూరపు భవనములోని సంతకమునకును సంబంధము కలదు. అయితే ఒక సంగతి మరువరాదు. రాష్ట్రపతి తనంతట తాను ప్రభుత్వము నడపడు. 74వ అధికరణము ననుసరించి మంత్రిమండలి సలహా మేరకే నడచుకొనును. అట్లయినచో ఆయన శీలముతో పనియేమి? సలహా వచ్చినప్పుడు చదివి సంతకము చేయువాడొకడు, చదువక చేయువాడొకడు. మరల ఆలోచింపుడని త్రిప్పిపంపు ధైర్యము గలవాడొకడు, లేనివాడొకడు. అధికారము స్వల్పమైన చోటనే శీలమునకు విలువ హెచ్చు.

2. వోటు ఎవరిది?

రాష్ట్రపతిని ఎన్నుకొనువారు పార్లమెంటు ఉభయసభలలోను, రాష్ట్రశాసనసభలలోను, ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలలోను గల ఎన్నికైన సభ్యులు. శాసనసభ్యుని వోటు విలువ ఆ రాష్ట్రపు జనసంఖ్యనుబట్టి యుండును. 1971 జనాభా లెక్కను సభ్యుల సంఖ్యచే భాగించి, వచ్చినదానిని వేయిచే భాగించిన ఆ విలువ తేలును. ఈ లెక్క ప్రకారము 2022 ఎన్నికలో తమిళనాడు శాసనసభ్యుని వోటు విలువ 176. ఆంధ్రప్రదేశ్ సభ్యునిది 159. తెలంగాణ సభ్యునిది 132. పార్లమెంటు సభ్యుని వోటు విలువ 700.

మన జిల్లాలో హోసూరు, తళి, వేపనపల్లి, కృష్ణగిరి, బర్గూరు, ఊత్తంగరై అను ఆరు శాసనసభా నియోజకవర్గములు కలవు. ఆరును 176చే హెచ్చించిన 1,056. కృష్ణగిరి పార్లమెంటు సభ్యుని 700 చేర్చిన 1,756. ఇది మన జిల్లా పంపిన ప్రతినిధులు రాష్ట్రపతి యెన్నికలో వేసిన బరువు. ఆ బరువు మన మిచ్చినదే. ఈ యెన్నికలో వోటు రహస్యము. ఇట్లే వేయవలెనని పార్టీ తన సభ్యులకు విప్ జారీచేయుటకు వీలులేదు. అనగా మనము పంపిన మనిషి ఆనాడు వోటుపెట్టె ముందు తన మనస్సాక్షితో ఒంటరిగా నిలుచును. అందుచేత మన శాసనసభ్యుని శీలమును తూచుట, ఒక మెట్టు దాటి, రాష్ట్రపతి శీలమును తూచుటయే.

3. తొరపల్లిలో పుట్టిన మొదటి పరీక్ష

ఈ విషయమున తొలి ఉదాహరణము మనకు దూరమున లేదు. హోసూరు సమీపమున తొరపల్లి గ్రామములో 1878 డిసెంబరు 10వ తేదీన చక్రవర్తి రాజగోపాలాచారిగారు జన్మించిరి. తండ్రి ఆ యూరి మునసబు. బాల్యవిద్య హోసూరులోనే జరిగెను. సేలములో న్యాయవాదియై, ఆ పురపాలక సంఘాధ్యక్షులై, 1937లో మద్రాసు రాష్ట్ర ప్రధానిగా పదవి స్వీకరించి, తన సొంత సేలము జిల్లాలోనే మొదట మద్యనిషేధము నమలుపరచిరి. నాడు హోసూరు, కృష్ణగిరి ఆ జిల్లాలోనివే. 1948 జూన్ మొదలు 1950 జనవరి 26 వరకు ఆయన భారతదేశపు గవర్నర్ జనరల్. ఆ పదవి నధిష్ఠించిన భారతీయు డాయన యొక్కరే.

గణతంత్రము ఏర్పడునప్పుడు ఆయననే తొలి రాష్ట్రపతిగా కొనసాగింపవలెనని జవహర్‌లాల్ నెహ్రూగారు కోరిరి. కాని కాంగ్రెసు సభ్యులలో ననేకులు అంగీకరింపలేదు. కారణములలో ముఖ్యమైనది 1942 నాటిది. ఆ సంవత్సరము దేశమంతయు క్విట్ ఇండియా వైపు సాగుచుండగా రాజాజీగారు ఆ మార్గము సరికాదని బహిరంగముగా చెప్పి, కాంగ్రెసునుండి, శాసనసభనుండి తొలగిరి. తక్కినవారు చెరసాలకు పోగా ఆయన వెలుపల నుండిరి. ఆ నొప్పి యెనిమిదేండ్లకును మానలేదు. 1950 జనవరి 24న రాజేంద్రప్రసాదుగారు పోటీ లేకుండ ఎన్నికైరి.

ఇందు విచారింపదగిన దేమన, ఆ యెన్నికలో సత్యవంతుడు ఓడి అసత్యవంతుడు గెలువలేదు. రాజేంద్రప్రసాదుగారు నిరాడంబరులు, రాజ్యాంగసభకు అధ్యక్షులుగా అందరి మన్నన పొందినవారు. ఇరువురును మచ్చలేనివారే. కాని రాజాజీగారికి వ్యతిరేకముగా త్రాసులో వేయబడిన రాయి వారి అబద్ధము గాదు; వారి నిజము. తనకు తప్పని తోచినదానిని జనప్రవాహమున కెదురుగా నిలిచి చెప్పినందుకు ఆయన మూల్యము చెల్లించిరి. ఆయన అభిప్రాయము తప్పు కావచ్చును. అభిప్రాయము తప్పగుట వేరు, మనిషి తప్పగుట వేరు.

తెలుగువారికి ఈ భేదము మరింత కష్టమైనది. 1952లో పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రముకొరకు నిరశనవ్రతమున ప్రాణము విడిచినప్పుడు మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీగారే. ఆ నాటి తెలుగువారి కోపము సామాన్యమైనది కాదు. దానికి కారణములు లేకపోలేదు. 1953 నాటి వారి విద్యాపథకమును తమిళులును తీవ్రముగా నెదిరించిరి. 1954లో ఆయన పదవినుండి తొలగిరి. ఇన్ని చెప్పుకొన్న పిమ్మటకూడ, ఆయన మాట యొకటి, మనసొకటి అని చెప్పగలవారు అరుదు. మనకు నచ్చని పని చేసినవాడు నిజాయితీపరుడు కావచ్చుననియు, మనకు నచ్చిన పని చేసినవాడు కాకపోవచ్చుననియు ఒప్పుకొనగలుగుటయే తూనికలో మొదటి మెట్టు.

4. ఇద్దరు తెలుగువారు

1969 మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు పదవిలోనుండగా మరణించిరి. ఉపరాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరిగారు తాత్కాలిక రాష్ట్రపతియైరి. ఆ జూలై నెలలో బెంగుళూరులో, అనగా మన హోసూరునకు 40 కిలోమీటర్ల దూరమున, కాంగ్రెసు పెద్దలు సమావేశమై నీలం సంజీవరెడ్డిగారిని తమ అభ్యర్థిగా నిర్ణయించిరి. గిరిగారు జూలై 20న పదవికి రాజీనామా యిచ్చి స్వతంత్రులుగా నిలిచిరి. సంజీవరెడ్డిగారి నామినేషను పత్రముపై సంతకము చేసిన ప్రధాని ఇందిరాగాంధీగారే తరువాత అంతరాత్మ ప్రబోధము ననుసరించి వోటు వేయవచ్చునని సభ్యులకు పిలుపునిచ్చిరి. మూడవ ముఖ్య అభ్యర్థి చింతామణి దేశముఖ్ గారు. రాజాజీగారి స్వతంత్రపార్టీయు, జనసంఘమును ఆయనను బలపరచినవి.

గిరిగారు 1894లో బరంపురములో జన్మించిన తెలుగువారు. సంజీవరెడ్డిగారు 1913లో అనంతపురము జిల్లా ఇల్లూరులో జన్మించినవారు. 1956లో ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి. మనవాడు గెలువవలెనను సులభమైన సూత్రము ఆనాడు తెలుగువారికి పనికిరాలేదు. ఇద్దరును మనవారే. భాషాభిమానమను రాయి రెండు తట్టలలోను సమానముగా పడినప్పుడు త్రాసు తూచవలసినది మనిషినే.

ఇద్దరి పూర్వచరిత్రలోను ఒక రాజీనామా కలదు. గిరిగారు కేంద్ర కార్మికమంత్రిగా నుండగా బ్యాంకు ఉద్యోగుల వివాదములో ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము మార్చినందుకు 1954లో పదవి విడిచిరి. సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రిగా నుండగా కర్నూలు జిల్లా బస్సుదారుల జాతీయీకరణ వ్యాజ్యములో సుప్రీంకోర్టు చేసిన వ్యాఖ్యల మీదట 1964లో పదవి విడిచిరి. ఈ రెండును ఒకటి కావు. మొదటిది, ఇతరులు చేసినదానిలో తాను భాగస్వామి కాజాలనని విడిచినది. రెండవది, తన పాలనపై పడిన మచ్చకు తానే బాధ్యుడనని విడిచినది. ఏది గొప్పది? ఒకరు మొదటిదానిని మెచ్చవచ్చును. మరియొకరు, తప్పు పడినచోట పదవిని పట్టుకొని వ్రేలాడక దిగినవాడే నమ్మదగినవాడని రెండవదానిని మెచ్చవచ్చును. మేము తీర్పు చెప్పబోము. పదవిని వదలిన సందర్భమును చూచి మనిషిని గుర్తింపవచ్చుననుట మాత్రము నిశ్చయము.

ఆగస్టు 16న వోటింగు, 20న లెక్కింపు జరిగెను. మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, సంజీవరెడ్డిగారికి 3,13,548, దేశముఖ్ గారికి 1,12,769 వచ్చినవి. గెలుపునకు కావలసినది 4,18,169. ఎవరికిని అది రాలేదు. రెండవ ప్రాధాన్యపు వోట్లు పంచగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 తేలినవి. తేడా 14,650. నాడు ఒక పార్లమెంటు సభ్యుని వోటు విలువ 576 గనుక, ఇది యించుమించు 25 మంది సభ్యుల వోట్లకు సమానము. ఇంత సన్నని అంచుమీద రాష్ట్రపతిపదవి నిర్ణయమైనది. ఆ నవంబరులో కాంగ్రెసు రెండుగా చీలినది.

అంతరాత్మ యనునది ఉత్తమమైన మాట. కాని నీ అంతరాత్మ ననుసరింపుమని చెప్పువాడు, అది ఏ అభ్యర్థివైపు చూపవలెనో కూడ సూచించుచున్నచో, వినువాడు రెండుమార్లు ఆలోచింపవలెను. అట్లే, పార్టీ చెప్పినది గనుక వేసితినను వాడును అంతరాత్మను అరువిచ్చినవాడే.

5. అజ్ఞాత కరపత్రము

ఆ యెన్నికలో మరియొక పాఠమున్నది. వోటింగునకు ముందు సంజీవరెడ్డిగారి వ్యక్తిగత శీలమును దూషించు కరపత్ర మొకటి పార్లమెంటు సభ్యుల చేతులలో పడినది. వ్రాసినవాని పేరు దానిపై లేదు. యెన్నికను సవాలుచేయుచు వ్యాజ్యములు సుప్రీంకోర్టుకు వెళ్లినవి. రాష్ట్రపతి యెన్నిక వివాదములను 71వ అధికరణము ప్రకారము ఆ కోర్టే తీర్పవలెను. గిరిగారు రాష్ట్రపతిగా నుండియే కోర్టుకు స్వయముగా వచ్చి సాక్ష్యమిచ్చిరి. కరపత్రము ఆయన యెఱుకతోనో అనుమతితోనో పంచబడినట్లు ఋజువు కాలేదు. 1970లో వ్యాజ్యములు కొట్టివేయబడినవి.

నిప్పు లేనిదే పొగ రాదను సామెత మన నాలుకలమీద నున్నది. పొయ్యి విషయమున అది నిజమే. ఎన్నికల కాలమున మాత్రము పొగను విడిగా తయారుచేసి పంచువారుందురు. శీలమును తూచవలెనను మంచి కోరికయే చాడీలు చెప్పువారికి దారి తెరచును. పేరు చెప్పుకొనలేనివాడు వేసిన నిందను, ఋజువు చూపలేనివాడు వేసిన నిందను త్రాసులో వేయరాదు. నాడు కరపత్రము చేతులు మారుటకు కొన్ని దినములు పట్టినది. నేడు చేతిఫోనులో ఒక్క నిమిషము చాలును. సాధనము మారినది, పాఠము మారలేదు.

నిలకడమీద నిజము తెలియునందురు. 1977లో సంజీవరెడ్డిగారు నంద్యాలనుండి లోక్‌సభకు గెలిచిరి. ఆంధ్రప్రదేశ్‌లో జనతాపార్టీ పక్షమున గెలిచినవా రాయన యొక్కరే. ఆ జూలైలో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు రాగా 36 తిరస్కరింపబడి, ఆయన ఏకగ్రీవముగా ఎన్నికైరి. ఎనిమిదేండ్ల క్రిందట కరపత్రము చదివి ముఖము త్రిప్పుకొన్నవారు ఎవరైన నుండినచో, వారికి ఆనాడు సిగ్గు కలిగియుండవలెను.

6. పదవిలో శీలము పని చేయు తీరు

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు సంతకము చేసిరి. మంత్రిమండలి సమావేశమై దాని నామోదించినది మరునాటి ఉదయమున. మంత్రిమండలి నిర్ణయమెక్కడ అని ఆ రాత్రి ఒక్క ప్రశ్న అడిగియున్న చరిత్ర మారెడిదో లేదో చెప్పజాలము; అడుగవలసిన ప్రశ్న మాత్రము అదియే. ఆ అనుభవము వలననే 1978లో 44వ సవరణ, మంత్రిమండలి నిర్ణయము వ్రాతమూలముగా అందినగాని అట్టి ప్రకటన చేయరాదని నిబంధించినది. సలహాను పునరాలోచనకు ఒకసారి త్రిప్పిపంపు అధికారమును రాష్ట్రపతికి స్పష్టముగా నిచ్చినది.

ఆ అధికారమును వాడినవారును కలరు. 1997 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధింపవలెనను సలహాను కె. ఆర్. నారాయణన్ గారు త్రిప్పిపంపిరి. మంత్రిమండలి దానిని విరమించుకొన్నది. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాంగారు త్రిప్పిపంపిరి; పార్లమెంటు మరల ఆమోదించి పంపగా నియమము ననుసరించి సంతకము చేసిరి. ప్రశ్నించుటయు, ఆ మీదట నియమమునకు తలవంచుటయు రెండును శీలమే.

మంచివారి నిర్ణయము లన్నియు నిర్వివాదములని భ్రమపడరాదు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్ ప్రభుత్వము లోక్‌సభను ఎదుర్కొనకయే రాజీనామా చేయగా, జగ్జీవన్‌రామ్ గారికి అవకాశమియ్యక లోక్‌సభను రద్దుచేసిన సంజీవరెడ్డిగారి నిర్ణయము తీవ్రవిమర్శకు గురియైనది. నిజాయితీ వివేకమునకు పునాది. అది వివేకమునకు బదులు కాజాలదు.

అమెరికా అధ్యక్షుని విషయమునను ఈ తూనిక సులభము కాలేదు. రిచర్డ్ నిక్సన్ 1972లో ఏబది రాష్ట్రములలో నలుబదితొమ్మిదింట గెలిచెను. వాటర్‌గేట్ వ్యవహారమున సత్యమును దాచినందున 1974 ఆగస్టులో రాజీనామా చేసెను. వోట్ల రాశి ఎంత యెత్తుగా నున్నను అది శీలమునకు సాక్ష్యము కాదు.

7. నాలుగు తూనికరాళ్లు

పై చరిత్రనుండి మన మెన్నుకొను ఏ మనిషినైనను తూచుటకు నాలుగు రాళ్లు లభించుచున్నవి.

మొదటిది: నష్టము వచ్చు సమయమున ఆయన ఏమి చెప్పెను? లాభమున్నప్పుడు నిజము చెప్పుట గొప్పకాదు.

రెండవది: తప్పు జరిగినప్పుడు దానిని ఎవరి తలపై పెట్టెను? క్రిందివారి తలపై పెట్టువాడు పైకి పోయిన కొలది ప్రమాదకరుడు.

మూడవది: తనకు వోటు వేయనివారియెడ ఎట్లు నడచుకొనెను? తక్కువ సంఖ్యలోనున్న మనకు ఈ రాయి ప్రాణప్రదము. మన వోట్లు తనకు చాలవని తెలిసియు మన బడికి పంతులును వేయించువాడే న్యాయవంతుడు. ఇది మనకును వర్తించును. మన భాషవాడు ఇతర భాషలవారికి అన్యాయము చేయుచున్నప్పుడు మనము మౌనముగా నుండినచో, మన త్రాసునకే మొగ్గు వచ్చినట్లు.

నాలుగవది: నింద ఎవరినుండి వచ్చినది, ఋజువేది? శాసనసభకు, లోక్‌సభకు నిలుచువారు తమపై నున్న క్రిమినలు కేసులను, ఆస్తులను, అప్పులను, చదువును ప్రమాణపత్రములో తెలుపవలెనని సుప్రీంకోర్టు 2002, 2003 సంవత్సరములలో తీర్పులిచ్చినది. ఆ పత్రములు ఎవరైనను చూడవచ్చును. పుకారును వినుటకు వెచ్చించు కాలములో నాలుగవవంతు చాలును వానిని చదువుటకు.

8. ఇంటిలో బిడ్డలతో చర్చింపదగిన ప్రశ్నలు

తల్లిదండ్రులు తీరిక వేళ ఈ ప్రశ్నలను పిల్లల ముందుంచి, వారి సమాధానములు ఓపికతో విందురుగాక. సమాధానము తమ అభిప్రాయమునకు భిన్నముగా నున్నను కోపగింపరాదు.

1. తరగతి నాయకునిగా నీ స్నేహితుడును, నీతో మాటలాడని మరియొకడును నిలిచిరి. రెండవవాడు ఎక్కువ నిజాయితీపరుడని నీకు తెలియును. నీ వోటు ఎవరికి? ఎందుకు?

2. రాజాజీగారు 1942లో మౌనముగా నుండియున్న 1950లో రాష్ట్రపతి యగుటకు అవకాశము హెచ్చెడిది. మౌనముగా నుండుట అబద్ధమాడుట యగునా?

3. గిరిగారి 1954 రాజీనామాను, సంజీవరెడ్డిగారి 1964 రాజీనామాను పోల్చుము. నీకు ఏది కష్టమైనదిగా తోచుచున్నది?

4. ఒక అభ్యర్థిపై పేరులేని నింద నీ ఫోనునకు వచ్చినది. దానిని ఇతరులకు పంపుటకు ముందు ఏమేమి తెలిసికొనవలెను?

5. మన తెలుగుబడికి సహాయము చేయుదునని మాటయిచ్చి, పొరుగు కన్నడబడికి రావలసినదానిని తెచ్చి మనకిచ్చువాడు మనకు మంచివాడా?

ఐదవ ప్రశ్నకు బిడ్డ ఇచ్చు సమాధానమును తల్లిదండ్రులు ప్రత్యేకముగా గమనింపవలెనని కోరుచున్నాము. ఏలయన బిడ్డ ఆ సమాధానమును మన మాటలనుండి నేర్చుకొనియుండడు. వోటు వేసివచ్చిన దినమున మనము ఇంటిలో చెప్పుకొను కారణములనుండి నేర్చుకొనియుండును.